ఎల్లారెడ్డిలో పోయిన కథ

ఆ ఉదయం కామారెడ్డి గంజ్‌లో దుకాణం తలుపులు తీసేసరికి ఈ కేసులో నా చేతిలో ఉన్న పెట్టుబడి ఇది: ఒక ఈమెయిలు, దానికి జతచేసిన ఒక కథలోని రెండు పేజీలు, సాయంత్రం అయిదు దాకా గడువు, బెల్లం బస్తా మీద కూర్చుని ఏడవకుండా ఉండటానికి పళ్లు బిగబట్టిన ఒక అమ్మాయి. ఇంతకంటే తక్కువతో మొదలుపెట్టి గట్టెక్కిన కేసులున్నాయి. అందుకే ఆమెను వెనక్కి పంపలేదు.

నా పేరు బాలనర్సయ్య. బెల్లం వ్యాపారం నాది. జనం సంగతులు విచారించి పెట్టడం రెండో వ్యాపారం. రెండింటిలోనూ చేసే పని ఒకటే. పైకి మెరుస్తున్న దానిలో లోపల ఏం కలిసిందో చూడటం.

అమ్మాయి పేరు సాయిశ్రీ. ఎల్లారెడ్డిలో తల్లి యాదవ్వ పక్కన కూర్చుని బీడీలు చేస్తుంది, కథలు రాస్తుంది. డిగ్రీ అయింది. కథలు రాయడంలో ఎం.ఏ. అనేది ఒకటుందనీ, ఇల్లు కదలకుండా ఆన్‌లైన్లో చెయ్యొచ్చనీ తెలిసినప్పటి నుంచి ఏడాదిగా ఆమె వెతుకులాట దాని కోసమే. చివరికి పరాయి దేశంలోని ఒక విశ్వవిద్యాలయాన్ని ఎంచుకుంది. తెలుగులో రాసేవాళ్లకు ఈసారి అక్కడ ఫీజు లేని సీటు ఒక్కటే ఉంది. దరఖాస్తుతో పాటు సొంత కథ ఒకటి పంపాలి. కామారెడ్డిలో విదేశీ చదువుల సలహా కేంద్రం నడిపే అజయ్ చేత దరఖాస్తు పెట్టించి, కథ పంపింది.

“నా కథను నేనే దొంగతనం చేసిన్నంట మామా,” అంది.

ఈమెయిలు అదే చెబుతోంది. అలాంటి కథే జనవరిలో మరొకరి దరఖాస్తుతో వాళ్లకు అందింది. ఆ కథను సాయిశ్రీయే ముందు రాసిందని మన టైం ప్రకారం ఇవాళ సాయంత్రం అయిదులోగా రుజువు పంపాలి. పంపకపోతే దరఖాస్తు రద్దు. మళ్లీ పెట్టుకునే హక్కు కూడా ఉండదు. ఆ మరొకరు ఎవరో చెప్పలేదు. వాళ్ల కథలో మొదటి రెండు పేజీలు మాత్రం జతచేశారు.

“కోర్సులు ఇంకా ఉన్నయి గదా. దీని ఎంబడే ఎందుకు పడ్డవ్?”

“మిగతాయి చూసిన మామా. ఒకదాంట్ల వీడియోలు పెడ్తరు, మనం చూసుడే. నేను రాసింది ఎవ్వరు చదవరు. ఇంకొకదాంట్ల అంత ఇంగ్లీషుల్నే రాయాలె. దీంట్లనేమో వారానికోసారి అందరు ఎదురెదురుంగ కూసొని ఒకరి కథ ఒకరు చదువుతరు. యాడ బాగలేదో మొకం మీదనే చెప్తరు. చెప్పేటోళ్లు కూడ పుస్తకాలు రాసినోళ్లే. నాకు సర్టిఫికెట్ గాదు, గా చెప్పేటోళ్లు కావాలె.”

సరుకు ఎంచడం తెలిసిన పిల్ల.

“కథ ఎప్పుడు రాసినవ్?”

“పోయిన వానకాలం.”

“ఏమన్న గుర్తున్నదా దానికి?”

“పాత ఫోన్ల ఉండె. బీడీల ఆకు తడిపే గంగాళంల పడి కరాబైంది. మొన్న ఫిబ్రవరిల కొత్త ఫోన్ల మళ్ల మొదటి సంది టైప్ చేసిన. గందుకే తారీకు ఫిబ్రవరి చూపిస్తున్నది.”

“కాయిదం మీద లేదా?”

“ఫోన్ కరాబు కాకముందు ఒక్కటే ప్రింట్ తీసిన.” ఆగింది. “అది ఒక ఆమెకు ఇచ్చిన.”

“ఎవరామె?”

“పేరు అడగకు మామా. ఆమె కూడ రాస్తది. ఇంట్ల ఎవ్వరికి తెల్వకుంట రాస్తది. ఎవ్వరికి చెప్పనని మాటిచ్చిన.”

“దొంగిలించింది ఆమెనే అయితే?”

“కాదు!” అంది, చెంప మీద కొట్టినట్టు. “ఏడాది సంది ప్రతి కోర్సు నాతోని కూసొని చూసింది ఆమెనే. ఎవరు చెప్తరు, వాళ్లేం రాసిండ్రు, క్లాసు మన దగ్గర ఏ యాళ్లకు అయితది, అన్ని ఎతికి పెట్టింది. మా అమ్మ కూడ అంత చెయ్యలే.”

విప్పొద్దన్న మూటను ముందే విప్పితే రెండో మూట చూపించరు. దాన్ని పక్కన పెట్టి, జతచేసిన పేజీలు చదివాను.

కథలో ఒక తల్లి చెరుకు గానుగ దగ్గర బెల్లం వండుతోంది. పేజీ సగానికి వచ్చేసరికి ఆగాను. ఈ తల్లి బెల్లం పెనం పక్కన కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. ఆమె చుట్టూ మరో నలుగురు ఆడవాళ్లు అలాగే కూర్చుని, తల ఎత్తకుండా చేతులాడిస్తూ మాట్లాడుకుంటున్నారు. ఉడుకుతున్న పెనం ముందు కాళ్లు చాపుకుని ఎవరూ కూర్చోరు. కూర్చుంటే లేవరు. అక్కడ అందరూ నిలబడే ఉంటారు, పొగలో మాటలు కూడా ఉండవు.

“నీ కథల ఈమె ఏం జేస్తది?”

“బీడీలు. మా అమ్మనే గద.”

“దొంగ నీ కథల బీడీలు తీసేసి బెల్లం పెట్టిండు. చాట తియ్యడం మర్చిండు.”

ఆమె మొహంలో మొదటిసారి రంగు వచ్చింది. నాకు మాత్రం అది సగం పనే. ఏది అసలో నాకు తెలిసింది, వాళ్లకు తెలియాలంటే తారీకు కావాలి. ఇంకోటి కూడా తెలిసింది. కథ దొంగిలించినవాళ్లకు బెల్లం సంగతి తెలుసు. ఉడికే చెరుకు రసం మీద తేలే మడ్డిని బెండ మొక్కల జిగురుతో ఎత్తడం దాకా సరిగ్గానే రాశారు.

“నీకు దరఖాస్తు పెట్టిచ్చిన అజయ్‌ది ఏ ఊరు?”

“సదాశివనగర్. వాళ్లకు మస్తు చెరుకు ఉంటది.” అని, నోటి మీద చెయ్యి వేసుకుంది.

*

అజయ్ సలహా కేంద్రం మెట్లెక్కితే ముందు కనిపించేది అద్దాల గది, అందులో గ్లోబు. ముప్పయ్యేళ్ల కుర్రాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ జరిపాడు. నా వెనక సాయిశ్రీ కనిపించగానే మళ్లీ కూర్చున్నాడు.

“ఈ పిల్ల నీ దగ్గరకు మొదటిసారి ఎప్పుడొచ్చింది?”

“ఫిబ్రవరిలో, సార్.”

“అంతకుముందు రాలేదా?”

“ఊరికే అడగడానికి ఒకసారి వచ్చింది. వానాకాలంలో.”

“అప్పుడు ఫోన్ నీ చేతికిచ్చిందా?”

“సర్టిఫికెట్ల ఫొటోలు పంపుకున్న. అంతే.” మెడ మీద చెమట తుడుచుకున్నాడు. “నేనేం చెయ్యలే సేటు.”

సార్ పోయి సేటు వచ్చింది. భయం మొదలైంది. జేబులోంచి ఆ రెండు పేజీలు తీసి అతని ముందు పెట్టాను.

“చదువు.”

“ఎందుకు?”

“పైకి చదువు. వినాలని ఉంది.”

చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యంలోనే మూడుసార్లు పట్టాలు తప్పాడు. ఒత్తు దగ్గర ఆగి, వేలు పెట్టుకుని, మళ్లీ వెనక్కి వెళ్లాడు. ‘మడ్డి’ దగ్గర నా మొహంలోకి చూశాడు, సాయం చేస్తానేమోనని.

“మాది చిన్నప్పటి సంది ఇంగ్లీషు మీడియం సేటు,” అన్నాడు సిగ్గుపడుతూ. “తెలుగు మాట్లాడుతం గని చదువుడు గింతే.”

సాయిశ్రీకి ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. రెండు పేజీలు చదవలేనివాడు ఒక కథను విప్పి, బీడీల చోట బెల్లం కుట్టి, మళ్లీ మూయలేడు. ఈ ఖాతా మూసేశాను. కానీ చెమటకు లెక్క తేలలేదు.

“మరి ఈ చెమట ఎందుకు?”

చాలాసేపు గ్లోబును తిప్పాడు. తర్వాత చెప్పాడు. సాయిశ్రీ సర్టిఫికెట్లను ఆమెను అడక్కుండా వీడియోల కోర్సుకు పంపాడు. ఆమె అక్కడ చేరిపోయినట్టే రాసిచ్చాడు. చేర్పిస్తే వాళ్లు ఇతనికి కమీషన్ ఇస్తారు.

“అన్నా అని పిలిచిన గదనే నిన్ను,” అంది సాయిశ్రీ.

అతను తల ఎత్తలేదు. “అదంత రద్దు చేపిస్త. గని ఇంకోటి చెప్తా సేటు. మూడు రోజుల కింద మల్లేష్ వచ్చిండు. ఈమెను ఆ యూనివర్సిటీ మాన్పించి వేరే ఏదన్న కోర్సుల పడెయ్యమన్నడు. ఫీజు ఆయనకు పని అప్పజెప్పిన పార్టీ కడ్తదంట. నేను అడిగితే ఒప్పుకోదన్న. అయితే నేనే ఎల్లారెడ్డి పోయి సంతకం పెట్టించుకుంట అన్నడు.”

మల్లేష్ అంటే పోలీసు ఉద్యోగం మధ్యలోనే వదిలేసి, బస్టాండు దగ్గర డిటెక్టివ్ బోర్డు పెట్టినవాడు. నాకు పోటీ. నేను వద్దన్న పని అతని దగ్గరకు పోతుంది. అతను కరాబు చేసిన పని నా దగ్గరకు వస్తుంది.

కారెక్కుతుంటే ఇంటి నుంచి ఫోను. నా భార్య భూదేవి.

“అన్నానికి వస్తున్నవా?”

“లేదు. ఎల్లారెడ్డి పోతున్న.”

“గంత అర్జెంటు పనేంది?”

“ఒక పిల్ల కేసు. సాయంత్రం చెప్త.”

“మా అమ్మను కూడ సూశి రా,” అని పెట్టేసింది.

*

ఎల్లారెడ్డి నా అత్తగారి ఊరు. అక్కడ నేను సేటును కాను, అల్లుణ్ణి. యాదవ్వ ఇంటి పంచలో బీడీలు చేస్తున్న ఆడవాళ్లు నన్ను చూసి చేతులు ఆపకుండానే నవ్వులు మొదలుపెట్టారు.

“ఏం బావా, తొవ్వ తప్పినవా? మీ అత్తగారిల్లు ఎనుక గల్లీ,” అంది రామవ్వ. ఆమె భర్త దుబాయిలో ఉంటాడు.

“తప్పలే. మీ బీడీలల్ల తంబాకు తక్కువైతున్నదని కంప్లెయింట్ వచ్చింది.”

“నీ బెల్లంల మట్టి ఎక్కువైతున్నదని మాకు వచ్చింది!”

యాదవ్వ మాత్రం నవ్వలేదు. కూతురి మొహం చూసి, కత్తెర కింద పెట్టింది. “బావా, దీని పేరు నిలబడుతదా?”

“నిలబడుతది. ముందు నాకొకటి చెప్పాలె. ఈ కథ ఈ పిల్ల మీకు చదివి వినిపించిందా?”

“వినిపియ్యకేం? మేం బీడీలు చేస్తుంటే అది చదువుతది. వానకాలం అంత గదే. అది చదివిన రోజు పని ఎక్కువైతది, వాగుడు తక్కువైతది.”

“ఆ రోజు ఎవరు ఎక్కడ కూసున్నరో గట్లనే కూసోండ్రి.”

నవ్వుకుంటూ సర్దుకున్నారు. చాటలు ఒళ్లోకి వచ్చాయి, కాళ్లు చాచుకున్నారు. దొంగ రాసిన పేజీలో ఉన్నట్టే. మధ్యలో సాయిశ్రీ. వలయం పూర్తయింది కానీ గోడ దగ్గర ఒక పీట మిగిలింది. దాని మీద ఎవరూ కూర్చోలేదు.

“అదెవరిది?”

చూపులు ఒకరి నుంచి ఒకరికి తిరిగి, చాటల్లోకి దిగిపోయాయి.

“ఎవరొస్తే వాళ్లది,” అంది రామవ్వ.

ఇందాక నోటికి అదుపు లేని మనిషి అంత పొట్టిగా మాట్లాడిందంటే అక్కడ ఏదో ఉంది. ఆమె వైపు చూశాను. ఆమె తంబాకు డబ్బాకు ఆనించి ఒక ఫోను నిలబెట్టి ఉంది, మీద జాకెట్టు ముక్క కప్పి. ముక్క తీశాను. రికార్డింగు నడుస్తోంది.

“ఇదేంది?”

“అయ్యో, ఇటియ్యి బావా! మా ఆయనకు.” రామవ్వ మొహం ఎర్రబడింది. “ఆయనకు రూముల నిద్ర పట్టదంట. మేం మాట్లాడుకునేది, కత్తెర సప్పుడు, అంత పంపుమంటడు. ఆన్ చేసి పెడ్త. చేతులు కాలీ ఉండయి గదా, మళ్ల మళ్ల ఒత్తనీకి.”

“రోజూ పంపుతవా?”

“రోజు.”

“పోయిన వానకాలంల కూడ?”

రామవ్వ తల ఊపింది. సాయిశ్రీ నోరు తెరిచింది. తను చదువుతుంటే అది ఎక్కడికో పోతోందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. వాట్సాప్‌లో పంపిన మాటకు పంపిన తారీకు ఉంటుంది. దాన్ని నేను మార్చలేను, రామవ్వ మార్చలేదు, దుబాయిలో ఆమె భర్త మార్చలేడు.

“వినిపియ్యి.”

“వద్దు బావా. గలీజు ముచ్చట్లు ఉంటయి.”

“నాకేం పర్వాలేదు.”

“మాకున్నది,” అంది యాదవ్వ మెల్లగా. కూతురి చదువు పోతున్నా ఆ తల్లి గొంతులో ఒక సంకోచం. నేను దాన్ని సరిగ్గా తూచేలోపే వాకిట్లో మోటారు సైకిల్ ఆగింది.

*

మల్లేష్ లోపలికి చెప్పులతోనే వచ్చాడు. చేతిలో ఫైలు.

“నమస్తే సేటు. నువ్వు బయల్దేరినవని తెలిసి, అన్నం కూడ తినకుంట వచ్చిన.”

అజయ్ చెప్పి ఉంటాడనుకున్నాను.

“ఎవరి తరఫున వచ్చినవ్ తమ్మీ?”

“జనవరిల దరఖాస్తు పెట్టినామె తరఫున.” ఫైల్లోంచి ఒక కాగితం తీసి సాయిశ్రీ ముందు పెట్టాడు. “బిడ్డా, ఈ సంతకం పెట్టు. నేను నా దరఖాస్తు వాపసు తీసుకుంటున్న అని, గంతే. నీకు ఇంకోకాడ చదువు ఇప్పిస్తరు. పెట్టకుంటే దొంగ అని పేరుండిపోతది. ఏ యూనివర్సిటీ రానియ్యదు.”

“నా కథ నేను రాస్తే దొంగనెట్లయిత?”

“నీదని ఏమున్నది? ఫిబ్రవరి తారీకు ఉన్న ఫోనా?”

ఫోను గంగాళంలో పడ్డ సంగతి అతనికెలా తెలుసు? అజయ్‌కు ఆ సంగతి తెలియదు. నేను కాగితం లాక్కున్నాను.

“సంతకం పెట్టదు. నీ పార్టీ కథ చూపియ్యి, మొత్తం. మేం చూడాలె గదా ఏది ఎవరిదో.”

“చూడు,” అన్నాడు ఒక రకం నవ్వుతో, పేజీల కట్ట నా ఒళ్లో పడేసి. “నువ్వు చూడాలెననే నాకు కూడ ఉన్నది. మనిద్దరిల ఎవరికి కండ్లు లేవో ఇయ్యాల తెలుస్తది.”

చదివాను. ఆఖరి నుంచి రెండో పేజీలో ఆ తల్లి తను వండిన బెల్లం అమ్మడానికి గంజ్‌కు వస్తుంది. కొనే సేటు ఒక ముక్క విరిచి, గుప్పిట్లో వెచ్చబెట్టి, గుప్పిటను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. అక్కడి వ్యాపారులందరూ అతను వాసనతో కల్తీని పసిగడతాడని అనుకుంటారు. నిజానికి అతని చూపు అరచేతి మీద ఉంటుంది. మందు కలిపిన బెల్లమైతే గుప్పిట్లో చెమ్మ వదులుతుంది. వాసన చూడటం చుట్టూ ఉన్నవాళ్ల కోసం.

ఆ ముక్క రెండోసారి చదివాను.

ఆ గుప్పిట నాది. గంజ్‌లో నా ముక్కు గురించి అందరూ వెక్కిరిస్తారు. అరచేతి సంగతి మాత్రం ఏ వ్యాపారికీ, ఏ హమాలీకీ, నా కొడుక్కీ కూడా చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి ఒక్క మనిషికి చెప్పాను. అన్నం వడ్డిస్తూ అడిగితే చెప్పాను.

“రామవ్వా,” అన్నాను. “ఫోన్ పెట్టు.”

ఈసారి ఆమె కాదనలేదు. శ్రావణ మాసం నాటి రికార్డింగు వెతికి తీసింది. తారీకు తెర మీద స్పష్టంగా ఉంది. కత్తెర చప్పుడు, వాన చప్పుడు, వాటి మధ్య సాయిశ్రీ గొంతు చదువుతోంది. తల్లి ఒళ్లో చాట, చాటలో ఆకు. ఒక్కో వాక్యం ఆమె పంపిన కథలో ఉన్నట్టే. తర్వాత గోడ వైపు నుంచి మరో గొంతు వచ్చింది.

“ఆగు బిడ్డా. ఆ ముక్క మళ్లొక్కసారి చదువు.”

ఆ “ఆగు” నేను రోజూ వినేదే. నేను దుకాణం విషయాలు చెబుతుంటే, మధ్యలో పళ్లెంలో కూర వేస్తూ ఆమె అలాగే అంటుంది. నెలకోసారి తల్లిని చూడటానికని ఎల్లారెడ్డి వచ్చే నా భార్య భూదేవి, ఆ రోజు ఆ పీట మీద కూర్చుంది. ఆడవాళ్లు నా దగ్గర దాచింది అదే.

సాయిశ్రీ నా మొహంలోకి చూసింది, తర్వాత నా ఒళ్లో ఉన్న పేజీల్లోకి. నేను వేలు పెట్టిన చోట చదివింది. ఆమెకు అరచేతి సంగతి తెలియదు. కానీ సేటు, గుప్పిట, వాసన చాలు.

“అత్తమ్మనా?” అంది. “ఆమెకొక్కదానికే ఇచ్చిన మామా. ఫోన్ కరాబైందని కూడ ఫస్టు ఆమెకే చెప్పిన. నన్ను పట్టుకొని ఏడ్చింది. నీతోని పొద్దట్నుంచి తిరుగుతున్న, ఆమెకిచ్చిన మాట పోతదని నీకు పేరు చెప్పలే.”

పొద్దున నేను పక్కన పెట్టిన మూట అది. ఇప్పుడు మల్లేష్ మాట కూడా సరిపోయింది. నేను ఎల్లారెడ్డి బయల్దేరుతున్నానని కారు దగ్గర ఒక్కరికే చెప్పాను.

మల్లేష్ చెప్పులు విప్పి, తీరిగ్గా గడప మీద కూర్చున్నాడు.

“ఇగ చెప్పు సేటు. పంపుతవా ఇది? అదే కథను శ్రావణంల ఈ పిల్ల చదువుతుంటే విన్న గొంతు ఎవరిదో వాళ్లు అడుగుతరు. గామెనే జనవరిల తనదని పంపింది. రేపు గంజ్ అంత తెలుస్తది. బాలనర్సయ్య ఊరందరి దొంగల్ని పట్టిండు, ఒక్కదాన్ని తప్ప.”

“అత్తమ్మ మాట్లాడింది తీసేసి పంపుదం మామా,” అంది సాయిశ్రీ. కళ్లలో నీళ్లున్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది. “నా కథ వరకు సాలు.”

“కత్తెర పెట్టినంక అది రుజువు గాదు. ఎక్కడ తీసినమో, ఏం తీసినమో అంటరు.”

“ఇంటికి పో సేటు,” అన్నాడు మల్లేష్. “ముందు ఆమెతోని మాట్లాడు.”

అది మంచి సలహాలాగే ఉంది. కానీ నా సంగతి నాకు తెలుసు. ఇంటికి వెళ్లి, ఆమె మొహం చూసి, ఆమె మాట విని, ఆ తర్వాత పంపాలంటే ఆ బేరం నేను ఓడిపోతాను. అప్పుడు నష్టం నాది కాదు, ఈ పిల్లది.

“రామవ్వా, తారీకు కనబడేటట్టు తెర ఫొటో తీసి, దాంతోని పాటు రికార్డింగు సాయిశ్రీ ఫోనుకు పంపు. మొత్తం. ముక్క కూడా తియ్యకు.”

వాటిని విశ్వవిద్యాలయానికి పంపే చోట సాయిశ్రీ వేలు తెర మీద ఆగిపోయింది. నేనే నొక్కాను. అయిదు ఇంకా కాలేదు.

మల్లేష్ లేచి చెప్పులు వేసుకున్నాడు. అతని మొహంలో ఓడిపోయిన బాధ లేదు. అది నాకు నచ్చలేదు.

*

ఇంటికి చేరేసరికి భూదేవి వంటింట్లో లేదు. ముందు గదిలో, నేను ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని ఉంది.

“పంపినవా?”

“పంపిన.”

“నా గొంతుతోనే?”

“ఆఁ.”

తల ఊపింది, ధర ఒప్పుకున్నట్టు. “ఆ పిల్ల మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సయించలే. నేను మస్తు రాసినా, గట్ల ఒక్కటి రాలే. బీడీలు తీసి మన బెల్లం పెట్టి చూసిన, ఊరికెనే. పెట్టినంక నాదే అనిపించింది. సీటేమో ఒక్కటే.”

“దానికి కోర్సులు ఎతికి పెట్టింది నువ్వే గదా.”

“నా కోసం కూడ ఎతికిన. ఇల్లు ఇడిసి ఏడికి పోకుంట చదువుకునేది ఇదొక్కటే ఉండె నాకు.”

“నాకు చెప్తే?”

“చెప్తే నువ్వు విచారిస్తవు.” నవ్వలేదు. “నీతోని మాట్లాడితే నీకు సాక్ష్యం ఇచ్చినట్టే ఉంటది.”

గోడకు ఆనుకుని నిలబడ్డాను.

“మల్లేష్‌ను నా మీదికి పంపినవ్. ఈ ఊర్ల ఇంకెవ్వరు దొరకలేదా?”

“నీకు భయపడనోడు ఆయనొక్కడే.” చీర కొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత చెప్పింది నా వైపు చూడకుండా. “ఇంకోటి ఉన్నది. మొదట ఆయన నన్ను నమ్మలే. నువ్వు రాసేదానివే అయితే, రాసిన కథలన్ని తెచ్చి చూపియ్యి అన్నడు. తీస్కపోయి ఇచ్చిన.”

“ఏం కథలు?”

“నువ్వు ఇంటికొచ్చి చెప్పినయే. ఎవరి కోడలు రాత్రికి రాత్రి ఎందుకు పోయింది, ఎవరి కొడుకు ఎవరి దగ్గర దొరికిండు, ఎవరి అల్లునికి ఇంకో సంసారం ఏడున్నది. పెండ్లయిన సంది చెప్పినయన్ని. నాకు కథలు కట్టుడు రాదు గదా. ఉన్నది ఉన్నట్టే రాసిన.”

“పేర్లు?”

“అసలు పేర్లే,” అంది. గడప మీద మల్లేష్ కూర్చున్న తీరిక, లేచి వెళ్తున్నప్పటి అతని మొహం ఇప్పుడు అర్థమయ్యాయి. ఈ జిల్లాలో నన్ను నమ్మి తలుపులు వేసుకుని మాట్లాడిన ప్రతి ఇంటి గుట్టూ ఇప్పుడు బస్టాండు పక్కన ఒక బల్ల సొరుగులో ఉంది.

ఆరు దాటాక సాయిశ్రీ ఫోన్ చేసింది. విశ్వవిద్యాలయం జవాబిచ్చింది. ఆమె కథ ఆమెదేనని ఒప్పుకున్నారు, దరఖాస్తు నిలిచింది. రెండోది రద్దు చేశారు, ఆ మనిషి ఇక ఎప్పుడూ పెట్టుకోకూడదన్నారు. చెబుతూ సంతోషపడాలా వద్దా అని ఆగింది. సంతోషపడు బిడ్డా అన్నాను. పక్కనుంచి యాదవ్వ ఏదో అరుస్తోంది, వెనక ఆడవాళ్లు నవ్వుతున్నారు.

ఫోను పెట్టేసి లెక్క చూసుకున్నాను. ఒక పిల్ల పేరు ఆమెకు తిరిగొచ్చింది. ఆ లాభం పూర్తిగా ఆమెది, అందులో నేను పాలు అడగను. మల్లేష్ వాటాకు వచ్చింది రేపట్నుంచి ఒక్కో ఇంటి తలుపు తడుతుంది. భూదేవి ఉన్న ఒక్క దారీ పోగొట్టుకుని, ఇంకా నా కుర్చీలోనే కూర్చుని ఉంది. నాకు మిగిలింది, ఇన్నేళ్లు నేను ఎవరి ముందు కూర్చుని అన్నం తిన్నానో తెలిసిరావడం. దీన్ని ఏ వైపు రాయాలో ఇంత వ్యాపారం చేసినా నాకు తెలియలేదు.